టేపు చివరి మడత

"కోడ్ వర్డ్?"

"రేడియేటర్‌కి దాహం వేసింది."

"జవాబు?"

"దాహానికి నేనున్నాను."

మాస్టారు తల ఊపి కారు తాళాలు టేబుల్ మీదుగా తోశారు. పేరుకి చీఫ్ అయినా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ ఆయన మాస్టారే. పిస్టల్ గురి దగ్గర్నుంచి తెగిన వైరు చుట్టడం దాకా ఎదురుగా నిలబడ్డ డేగకి నేర్పింది ఆయనే. అతని పెళ్ళికి పెద్దగా నిలబడిందీ ఆయనే. డేగ అనే కోడ్ నేమ్ కూడా ఆయన పెట్టిందే.

"కొండ కింది ఊళ్ళో ఉన్న పాదరసాన్ని సాయంత్రంలోగా ఇక్కడికి, కమిటీ ముందుకి తీసుకురావాలి. మన రహస్యాలు విదేశీ ముఠాకి అందిస్తున్నవాడు ఈ బిల్డింగ్‌లోనే ఉన్నాడు. పేరు ఆమెకే తెలుసు. కమిటీ ముందు తప్ప చెప్పనంటోంది."

"ఎస్ మాస్టారూ."

"నా స్పోర్ట్స్ కారు తీసుకెళ్ళు. కొత్త జంట షికారు అనుకుంటారు. పాత బండి కదా, తిరిగి కొండెక్కేటప్పుడు కాస్త వేడెక్కుతుంది. చివరి మలుపులో నీళ్ళ పంపు దగ్గర ఆపు. అక్కడి మెకానిక్ మనవాడే, ఈ కోడ్ వాడి కోసమే."

డేగ చేతికి ఒక లైటర్ కూడా ఇచ్చారు. అందులో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఆపదలో మీట నొక్కితే నేరుగా మాస్టారికే వినిపిస్తుంది.

పాదరసం డబుల్ ఏజెంట్. ఆమెని నమ్మి బాగుపడ్డవాడు రెండు దేశాల్లోనూ లేడు. పట్టుశాలువా, నల్లకళ్ళద్దాలు, కొత్తపెళ్ళికూతురి సిగ్గు, అన్నీ తగిలించుకుని కార్లో కూర్చుంది.

"ఏవండీ, కారు మనదేనా?" అంది తీయగా.

"మాస్టారిది."

ఆమె మొహంలో సిగ్గు ఇట్టే మాయమైంది. "అయితే దారిలో ఎక్కడా ఆపకు."

"ఎందుకు?"

"చెబితే నమ్ముతావా?"

"నమ్మను."

"మరి అడగడం దేనికి?"

చదును రోడ్డు మీద కారు దూసుకుపోయింది. టెంపరేచర్ ముల్లు బుద్ధిగా మధ్యలోనే ఉంది. కొండ దారిలో లారీల వెనక నత్తనడక మొదలయ్యాక అది ఎర్రగీత వైపు పాకింది. డేగ హీటర్ మీట పూర్తిగా తిప్పాడు. ఇంజన్ వేడి కొంత లోపలికి మళ్ళింది. పాదరసం కాటుక కారిపోయింది.

"చంపదలిస్తే తుపాకీ లేదా నీ దగ్గర?" అందామె.

"ఇంజన్ బతకాలి. నువ్వెలాగూ బతకనేర్చినదానివే."

హీటర్ వల్ల ముల్లు తగ్గలేదు, పెరగడం మాత్రం నెమ్మదించింది. చివరి మలుపుకి కాస్త ముందు రోడ్డు వెడల్పుగా ఉన్నచోట డేగ కారు పక్కకి తీశాడు. ఇంజన్ ఆపకుండానే బానెట్ ఎత్తాడు. పాదరసం కూడా దిగి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయింది.

"ముట్టుకోకు! వేడి మీద తీస్తే మొహం ఉడికిపోతుంది."

కింద ఎక్కడా నీళ్ళు కారలేదు. పంపు బెల్టు బిగుతుగానే ఉంది. రేడియేటర్‌కి పై గొట్టం, కింది గొట్టం రెండూ కాలుతున్నాయి. అంటే నీళ్ళని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ తెరుచుకుంది, లోపల నీళ్ళు తిరుగుతున్నాయి. తిరగనిది ఫ్యానే. వేగంగా పోయినంతసేపూ ఎదురుగాలి ఆ లోటు కప్పిపుచ్చింది. కారు నెమ్మదించాక గుట్టు బయటపడింది.

ఇంజన్ ఆపి, అతను ఫ్యాన్ వైరు వెంట వేలు జరిపాడు. కనెక్టర్ ఊడదీసి ఉంది. రెండు కొసలకీ విడివిడిగా నల్లటేపు చుట్టి ఉంది. టేపు చివర చిన్న మడత.

డేగ చెయ్యి ఆగిపోయింది. "చివర మడిచి వదలరా. రేపు ఇంకొకడు విప్పాల్సి వస్తే వాడి గోటికి దొరకాలి." ఆ పాఠం డిపార్ట్‌మెంట్‌లో ఒంటబట్టించుకున్నది ఇద్దరే. ఒకడు అతను. రెండోవారు నేర్పినాయన.

లైటర్ తీసి చూశాడు. నొక్కితే ఎవరికి వినిపిస్తుందో గుర్తొచ్చి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"ఆయనేనా?" అని అడిగాడు.

"చెబితే నమ్మనన్నావుగా," అంది పాదరసం. ఆ మాటలో ఎకసెక్కెం లేదు.

కారు ఆగడం చూసి కాబోలు, పై మలుపు నుంచి జీపు దిగి వచ్చింది. చేతిలో నీళ్ళ క్యాన్‌తో మెకానిక్ నవ్వుతూ దిగాడు. "దాహానికి నేనున్నాను!"

అడగకముందే జవాబు చెప్పేశాడు పాపం. డేగ చెయ్యి పిస్టల్ అందుకునేలోపే క్యాన్ కిందపడింది. దాని చాటున దాచిన రివాల్వర్ డేగ నుదుటికి ఎదురుగా నిలిచింది.

"ముందు నువ్వు, తర్వాత ఆవిడ. మీ మాస్టారు వరస కూడా చెప్పారు," అంటూ మెకానిక్ ఇంజన్ పక్కకి జరిగాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది.

"ఏవండీ," అంది పాదరసం, "నీళ్ళు పోయాలంటే మూత తియ్యాలిగా?"

పట్టుశాలువా మూత మీద కప్పి ఒక్క తిప్పు తిప్పి వెనక్కి దూకింది. సలసల కాగిన నీళ్ళు ఆవిరితో కలిసి మెకానిక్ మొహాన చిమ్మాయి. గుండు గాల్లోకి పోయింది. మనిషి రోడ్డు మీద పడి గిలగిల కొట్టుకున్నాడు.

వాణ్ణి వాడి జీపులోనే కట్టేశారు. డేగ మడత పట్టుకుని లాగాడు. టేపు ఎంతో సులువుగా ఊడి వచ్చింది. అతనికి అదే ఎక్కువ బాధనిపించింది. వైర్లు కలిపి, ఇంజన్ చల్లారేదాకా ఆగి, క్యాన్‌లో మిగిలిన నీళ్ళు పోశాడు. ఈసారి కొండెక్కుతుంటే ఫ్యాన్ హోరెత్తింది, ముల్లు మధ్య నుంచి కదల్లేదు.

సాయంత్రం పాదరసం కమిటీ ముందు పేరు చెప్పింది. గార్డులు మాస్టారి గది గుమ్మం దగ్గర నిలబడ్డారు. డేగ లోపలికెళ్ళి టేపు ముక్క టేబుల్ మీద పెట్టాడు.

"వైరు తెంపేసి ఉంటే నాకు అనుమానమే వచ్చేది కాదు మాస్టారూ. పాత బండి, తెగిందిలే అనుకునేవాణ్ణి. ఎందుకంత పద్ధతిగా చుట్టారు?"

"తెంపితే అతుకు పడుతుంది. అది కంపెనీ వైరింగ్. ఇప్పుడు దొరకదు."

తన గురించి కూడా ఒక్కమాట అంటారేమోనని డేగ నిలబడ్డాడు. క్షమించమని అడగక్కర్లేదు, తిట్టినా సరిపోయేది. మాస్టారు కిటికీలోంచి కిందకి తొంగిచూశారు.

"ఎర్రగీత దాటలేదు కదా?" గొంతు నిజంగానే వణికింది. "ఇంజన్‌లో హెడ్ గాస్కెట్‌కి ఏమీ కాలేదు కదరా?"

"కారు క్షేమమే మాస్టారూ," అన్నాడు డేగ. "అడిగినందుకు మీకు థాంక్స్ చెప్పమంది."