నున్నటి బండలు, నాటుకోడి పిల్లలు

రూబెన్‌కు ఆ చెప్పులు బాగా తెలుసు. నీలం రంగువి, ఎడమదాని మీద పువ్వు ఊడిపోయింది. వాటి తాలూకు ముఖం మాత్రం అంతగా తెలియదు. ఆడపిల్ల ముఖంలోకి సూటిగా చూడాలంటే మన కథానాయకుడికి మెడ పట్టేస్తుంది మరి!

నంద్యాలలో చర్చి పక్కన కొత్తగా కట్టిన హాలులో అతను బండలకు పాలిష్ పడుతున్నాడు. మిషన్ రొదలో వాన పడుతున్న సంగతి కూడా తెలియలేదు. పాలిష్ బురదలోకి ఆ నీలం చెప్పులు వచ్చి నిలబడ్డాయి.

"మిషన్ ఆపు!"

ఆపాడు. తప్పనిసరై తల ఎత్తాడు. ఆళ్లగడ్డ సుందరరాజు సారు కూతురు, ప్రియదర్శిని. నెల కిందట వాళ్ల పెరట్లో కోళ్ల షెడ్డుకు బండలు పరిచింది రూబెనే. ఇప్పుడా అమ్మాయి చేతిలో గంప, జడ కొసన వాన చుక్కలు, కళ్లలో నిప్పులు. అబ్బ, ఎంత బాగుంది అనుకున్నాడు. అలా అనుకోవలసిన సమయం కాదని వెంటనే తెలిసొచ్చింది.

దర్శిని గంపలోంచి ఒక కోడిపిల్లను తీసి, మెరుస్తున్న బండ మీద వదిలింది. పాపం, అది లేవబోయింది. కాళ్లు చెరో పక్కకూ జారిపోయాయి. బోర్లా పడి కీచుమంది.

"సూడప్పా నీ పనితనం! మా షెడ్డులో అద్దం మాదిరి పరిచినావే, నా పిల్లలు ఇట్ల అయిపోయినాయి!"

"నా బండలేం చేసినాయి మేడం? లెవెల్ తప్పిందా?"

"లెవెల్ ఎవరిక్కావల్ల? జారతాండాయి! నిన్న గుడ్లలోంచి వచ్చిన పసికూనలు. కాలు ఆనించేకి పట్టులేక చీలిపోతాండాయి. ఇప్పుడే పశువుల డాక్టరుకు చూపించి వస్తాండా."

రూబెన్‌ను ఏమన్నా పడతాడు, అతని పాలిష్‌ను అంటే మాత్రం ఊరుకోడు. బేతంచెర్లలో బండల మధ్య పాకుతూ పెరిగినవాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. కోళ్లు సాకేది రాక నా బండల మీద పడతాండావే!"

"ఏందీ? నాకు రాదా?" అంది దర్శిని. అంతవరకూ నిప్పులు కురిసిన కళ్లలో నీళ్లు నిండాయి. "ఈ పిల్లలు పోయినాయంటే మా నాయన గుడ్లు పొదిగే మిషన్ అమ్మేస్తానన్నాడు. పని మీద బయటి ఊరికి పోయినాడు, ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి చూస్తాడంట. పిల్లలు నిలబడకపోతే నేను నంద్యాలలో కాన్వెంటు టీచరుగా చేరల్ల. నాకు ఈ కోళ్లంటే పానం. అర్థమయిందా?"

అర్థమైంది. పాలిష్ సంగతి మరిచిపోయి చేతులు కడుక్కున్నాడు.

"డాక్టరు ఏం చెప్పినాడు?"

"రెండు కాళ్లూ దగ్గరికి చేర్చి, నడుమ సందు ఉంచి టేపు వేయమన్నాడు. గట్టిగా వేస్తే రక్తం ఆడదంట. వదులైతే ఊడొస్తుందంట. నా చేతులేమో వణకతాండాయి."

"నువ్వు పట్టుకో. నేను వేస్తా."

బండకూ బండకూ మధ్య వెంట్రుకవాసి సందు చూసుకునే వేళ్లు అవి. కోడిపిల్ల కాళ్లకు టేపు చుడుతుంటే దర్శిని కోపం కొంచెం దిగింది. కొంచెమే.

"మిగతావి ఇంట్లో ఉండాయి. మా జేజి కనిపెట్టుకోనుంది. బేగా రా."

రమ్మందా, ఆజ్ఞాపించిందా అని ఆలోచించకుండా రూబెన్ ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. అతను కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"పక్కన ఖాళీగా ఉంది కదా, కూచో."

"బట్టలంతా బురద మేడం."

"నా గంపలో ఉండేదేమన్నా సెంటా?"

కూర్చున్నాడు. కిటికీలోంచి జల్లు కొడుతుంటే గంప మీద తన తుండు కప్పాడు. దర్శిని ఓరగా చూసింది. అతను బుద్ధిమంతుడిలా కోడిపిల్లల్నే చూశాడు. మొద్దు!

ఇంటి దగ్గర దర్శిని నాయనమ్మ ఓబులమ్మ బల్బు కింద తట్ట పెట్టుకుని కూర్చుని ఉంది. ముందు గోనెసంచులు పరిచారు. తర్వాత ఒక్కొక్క పిల్లకూ టేపు వేశారు. అన్నిట్లోకీ బలహీనమైనది నల్లది. దానికి వెనక పెంట ఎండి గట్టిపడిపోయింది. అలా వదిలేస్తే బతకదు. దర్శిని గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి మెల్లగా తుడుస్తుంటే రూబెన్ అరచేతిలో పట్టుకున్నాడు. దారి తెరుచుకుంది. ఆ పిల్ల తన కృతజ్ఞత అంతా అతని చొక్కా మీద తెలియజేసింది.

దర్శిని పకపకా నవ్వింది. ఆ నవ్వు వింటే ఇంకో చొక్కా కూడా ఇచ్చేయాలనిపించింది అతనికి.

మర్నాడు సాయంత్రం రూబెన్ మళ్లీ దిగాడు. చేతిలో సుత్తి, ఉలి.

"ఏందిది?" అంది దర్శిని.

"తప్పు నా బండలదే కదా! నున్నదనం తీసేస్తా. గీట్లు కొడితే పట్టు దొరుకుతుంది."

"అంత మంచి పాలిష్!"

"పోతే పోనీ."

రోజూ నంద్యాలలో బండలు నున్నగా చేయడం, సాయంత్రం ఆళ్లగడ్డ వచ్చి బండలు గరుకుగా చేయడం. పైగా రోజుకు ఒక్క బండే. నంద్యాలలో అంత చురుగ్గా ఆడే చెయ్యి ఆళ్లగడ్డకొచ్చేసరికి ఎందుకు నత్తనడక పట్టిందో ఓబులమ్మకు తప్ప ఎవరికీ అనుమానం రాలేదు. ఆమె మాత్రం వక్క నములుతూ ముసిముసిగా నవ్వుకునేది.

శనివారం టేపులు విప్పారు. పిల్లలన్నీ తూలుకుంటూ, పడుతూ, లేచి నిలబడ్డాయి. నల్లది తప్ప. దాని కాళ్లు వణికాయి, కూలబడింది. దర్శిని మళ్లీ టేపు వేసి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఒకటి చెప్తా, కోప్పడొద్దు," అంది. "డాక్టరు బండల మాటే ఎత్తలే. కడిగేకి సులువని నేనే పేపర్లు పరిచినా. పేపరు మీద కాలు ఆనలేదంట. గోనెసంచులు పరిస్తే చాలన్నాడు."

ఉలి ఆగింది.

"మరి ఆ పొద్దు నా మీదికెందుకొచ్చినావ్?"

"ఇంకెట్ల రావల్ల? నువ్వు ఈడ పని చేసినన్ని దినాలూ టీ ఇచ్చినా. ఒక్కసారన్నా తల ఎత్తినావా? గ్లాసుకు థాంక్స్ చెప్పేటోనివి! పిల్లల బాధ నిజమే, ఏడుపూ నిజమే. బస్టాండుకు పోతాంటే నీ మిషన్ సద్దు వినపడింది. కాళ్లు ఆ పక్కకే తిరిగినాయి."

రూబెన్ చెవులు ఎర్రబడ్డాయి. ఉలితో నేల మీద ఊరికే గీకాడు.

"గోనెసంచులు చాలని నాకూ తెలుసు."

"మరి ఈ గీట్లెందుకు?"

"గోనెసంచులు పరిచేకి ఒక్క సాయంత్రం చాలు కదా! ఆ తర్వాత ఏం చెప్పుకోని వచ్చేది? ... నువ్వంటే నాకు ఇష్టం దర్శినీ."

మేడం పోయి దర్శిని వచ్చిందని ఇద్దరూ ఒకేసారి గమనించారు.

ఆదివారం సుందరరాజు సారు తెల్లబట్టల్లోనే షెడ్డులోకొచ్చాడు. రూబెన్ ఒక మూల ఒదిగి నిలబడ్డాడు. పిల్లలన్నీ గోనెసంచులు దాటి బండల మీద పరుగులు తీస్తున్నాయి. దర్శిని నల్లదానికి టేపు విప్పింది. అది వణికింది. పడింది. మళ్లీ లేచింది. ఒక గీటులో గోళ్లు ఆనించి నిలబడి, నూకల పళ్లెం దాకా నడిచిపోయింది.

"సరేమ్మా," అన్నాడు సారు గొంతు సవరించుకుని. "మిషన్ అమ్మను. నీకు చేతనవుతుంది."

దర్శిని నాయన చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. అప్పుడు చూశాడాయన నేలను.

"ఒరేయ్ రూబెనూ! ఊర్లో అందర్నీ పిలిచి చూపించుకున్న బండలు కదరా! ఎవరు చెడగొట్టమన్నారు?"

రూబెన్ మళ్లీ నేలచూపులు చూశాడు. ఓబులమ్మ అందుకుంది.

"నా తల ఎండకు నెరవలే సుందరా! పాలిష్ పట్టేటోడు తన పాలిష్‌ను తనే చెరుపుకుంటాండాడంటే, ఒట్టి కోడిపిల్లల కోసమేనా?"

సారు కూతుర్ని చూశాడు. రూబెన్‌ను చూశాడు. పాఠం ఆలస్యంగా ఎక్కినా గట్టిగా ఎక్కింది.

"వచ్చే ఆదివారం మీ అమ్మానాయన్ను తోడుకోని రా."

"బండలు చూసేకా సార్?"

ఓబులమ్మ నెత్తి కొట్టుకుంది. సారు నవ్వు ఆపుకోలేక బయటికి నడిచాడు.

దర్శిని టీ తెచ్చింది. ఈసారి రూబెన్ తల ఎత్తి, నిండుగా ఆమె ముఖమే చూశాడు. గ్లాసు ఎక్కడుందో మాత్రం చూసుకోలేదు. సగం టీ బండ మీద ఒలికిపోయింది.

నల్ల కోడిపిల్ల ఆ తడిలోంచే పరిగెత్తింది. జారలేదు.