నలుగురి భుజాలు

పన్నెండు దాటినా పాడె ఇంకా వాకిట్లోనే ఉంది. పొద్దు వాలేలోగా ఎత్తాలి. అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో నలభై మంది మగాళ్లు తలలు దించుకుని నిలబడ్డారు. ఎత్తడానికి నలుగురు ముందుకు రావడం లేదు.

పార్లమెంటు సభ్యురాలు కర్రి సత్యవాణి శవం పక్కన కూర్చుని ఉంది. పోయినవాడు ఆమె అన్న పెదబాబు. అమ్మానాన్నా లేకపోతే బెల్లం పొయ్యిల దగ్గర ఒళ్లు మాడ్చుకుని చెల్లెల్ని చదివించినవాడు. ఆమె ఎదుట గాలిలో సభాగవాక్షం వెలుగుతోంది. ఎంపీలు ఎక్కడున్నా సభలోకి తెరుచుకునే కిటికీ అది. ఒంటిగంటకు ఓటింగు. నాలుగేళ్ల కిందట తాను తెచ్చిన పన్నుకోత చట్టానికి ఇవాళ్టితో గడువు తీరుతుంది. దాన్ని శాశ్వతం చేసే బిల్లు ఆమె ఓటు లేకపోతే వీగిపోతుంది.

ఆ చట్టం సంగతి చంటిపిల్లలకి కూడా తెలుసు. ప్రతి మణికట్టుకీ సేవాముద్ర అనే పట్టీ ఉంటుంది. ఎవరు ఎవరికి ఏ సాయం చేసినా పసిగట్టి, వెలకట్టి, ఆ డబ్బు చేయించుకున్నవాళ్ల ఖాతాలోంచి తీసి చేసినవాళ్ల ఖాతాలో వేసేస్తుంది. ఎంత ఖర్చు నమోదైతే ఆ ఇంటికి అంత పన్నుకోత. ఊరికే చేస్తానంటే పన్ను ఎగవేత కింద కేసు. పక్కింటి పిల్లకి జడ వేసినా దేశాదాయమే మరి! వృద్ధి నాలుగు నుంచి పదకొండు శాతానికి ఎగబాకింది. ఇంక వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది?

"గురుమూర్తన్నా, నువ్వైనా ఓ చెయ్యి వెయ్యి," అంది సత్యవాణి.

గురుమూర్తి ముప్పై ఏళ్లు పెదబాబుతో కలిసి బెల్లం వండినవాడు. చెయ్యి చాపి పట్టీ చూపించాడు. 'బరువు మోత. మూడు వందల ఇరవై జమ' అన్న అక్షరాలు ఇంకా మెరుస్తున్నాయి.

"పొద్దున్న పట్టుకున్నానమ్మా. అలా ఎత్తానో లేదో కూత పెట్టింది. పెదబాబుని మోసి కూలి తీసుకున్నానంటే రేపు నా పిల్లల మొహం ఎలా చూడను? తిప్పి పంపితే కేసంటోంది." అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కూలికి మోసేవాళ్లని పిలిపించుకో తల్లీ. మావల్ల కాదు."

"కూలోళ్లా!" వదిన ఆదెమ్మ దిగ్గున లేచింది. "ఏం, మా ఆయన దిక్కులేని శవమా? నలుగుర్నీ సంపాదించుకోకుండానే పోయాడా?"

సత్యవాణి పన్నెండు వందల రకాల సాయాలకి దగ్గరుండి ధర కట్టించింది. పాడె సంగతి తట్టనే లేదు.

గవాక్షంలో పార్టీ విప్ మొహం కనిపించింది. "సత్యవాణి గారూ, మీ బాధ తెలుసు. కానీ పది నిమిషాలే ఉంది. పట్టీని కిటికీకి ఆనించండి, చాలు."

పట్టీ ఉంటేనే ఓటు. తెంపితే ఓటుతో పాటు ఏడాది పన్నుకోత కూడా పోతుంది. అందుకే ఎంత కష్టమొచ్చినా దాని జోలికి ఎవరూ పోరు.

ఆమె వంటింట్లోకి వెళ్లి కత్తిపీట తెచ్చింది. మణికట్టు ఆనించి ఒక్క లాగు లాగింది. పట్టీ తెగి పడింది. విప్ అరుస్తుండగానే గవాక్షం ఆరిపోయింది.

"ఆడకూతురు పాడె మోస్తుందా?" ఎవరో గొణిగారు.

"మా అన్నని నేను మోసుకుంటాను. మీకేం?" అంటూ ముందు కొస కింద భుజం పెట్టింది.

గురుమూర్తి వచ్చి కత్తిపీట ముందు కూర్చుని తన పట్టీ కోసేసుకున్నాడు. అతని వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. పాడె లేచింది. ఈసారి ఏ కూతా వినబడలేదు.

బిల్లు వీగిపోయిందని శ్మశానం నుంచి తిరిగొస్తుంటే తెలిసింది. సత్యవాణి ఆగకుండా ఇంటివైపు నడిచింది.

చావింట్లో ఆ సాయంత్రం పొయ్యి వెలగలేదు. గురుమూర్తి భార్య వరహాలమ్మ కేరియర్ నిండా అన్నం, చారు తెచ్చింది. ఆమె చేతికీ పట్టీ లేదు. "పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నాలుగు మెతుకులు తిను తల్లీ," అంటూ ఆకులో వడ్డించింది.

సత్యవాణి కళ్లు తుడుచుకుంటూ బోసి మణికట్టు ముందుకి చాపింది.

"ఎంతైంది వరహాలొదినా?"

వరహాలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. సత్యవాణి నాలుక కరుచుకుంది గానీ, మాట అప్పటికే దాటిపోయింది.

"చల్లారిపోతుంది, తినమ్మా," అని కేరియర్ అక్కడే వదిలేసి వరహాలమ్మ గుమ్మం దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు.