చిటికెనవేలి చందనం

"మనిషి ముఖం మనవాళ్ళెవరికీ తెలియదు. అదీ చిక్కు," అన్నాడు చీఫ్ మల్లిక్ బాబు, కిటికీ మూస్తూ.

కలకత్తాలో ఒక వకీలు కచేరీ వెనుకగది. ఏజెంట్ నంబర్ నైన్, అధీర్ నందీ, నిలబడే విన్నాడు. టార్గెట్ గోకుల్ శీల్. గొడుగుల ఫ్యాక్టరీ మునిగితే, అప్పులవాళ్ళకు దొరక్కుండా మూడేళ్ళ క్రితం ఫ్రెంచివారి ఏలుబడిలోని ఫరాస్‌డాంగా ఊళ్ళోకి దాటాడు. అక్కడ ఇంగ్లీషు వారంటు చిత్తుకాగితంతో సమానం.

"సరిహద్దుకు ఇవతల, ఇంగ్లీషు వైపు చుంచురాలో చెల్లెలుంది, నిరుపమ. వచ్చే నెల భాయిఫోటా, చెల్లెళ్ళు అన్నలకు బొట్టు పెట్టే పండుగ. ఆమె ఎవరి నుదుట చందనం పెడితే వాడే గోకుల్ అని కోర్టు అమీనులకు చెప్పాను. నువ్వెవరో వాళ్ళకు తెలియదు. గొడుగు విప్పితే సిగ్నల్. నిన్నే పట్టుకుంటే కోడ్ వర్డ్ చెప్పు, వదిలేస్తారు."

"కోడ్ వర్డ్?"

"తాటిముంజె."

అధీర్ గడ్డం పెంచాడు. అప్పులపాలై పారిపోయి వచ్చినవాడిగా గోకుల్ పక్కగదిలో చేరాడు. నెలరోజులు అతనితో ఒకే పళ్ళెంలో మరమరాలు తిన్నాడు. చివరికి నిరుపమ దస్తూరీతో దొంగ ఉత్తరం పుట్టించాడు: అన్నయ్యా, నువ్వు లేవని ఏటా గోడకు పెడుతున్న నీ బొట్టు ఈ ఏడు గోడకు పెట్టను. నువ్వొచ్చేదాకా పచ్చిమంచినీళ్ళు ముట్టను.

ఉత్తరం చదివి గోకుల్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నీకు చెల్లెళ్ళు లేరా?"

"లేరు."

"అయితే నుదురంతా బీడేనన్నమాట! నాతో రావోయ్. మా నిరూ చేత నీకూ ఒకటి పెట్టిస్తా."

పండుగ ఉదయం ఇద్దరూ సరిహద్దు దాటారు. నిరుపమ ఇంటి గోడమీద మూడు చందనపు చుక్కలు, ఎండి, పగిలి, ఏడాదికొకటి. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏడవకే పిచ్చిదానా," గొణిగాడు గోకుల్. "ఉత్తరం రాసి బెదిరించి, ఇప్పుడు ఏడుపా?"

"ఏ ఉత్తరం?"

వానా లేదు, ఎండా లేదు. అధీర్ గొడుగు విచ్చుకుంది. వీధి అవతల అరుగుమీది నలుగురు లేచారు. నిరుపమ గొడుగును చూసింది, ఆ నలుగురిని చూసింది. అధీర్ మణికట్టు పట్టుకుని లాగి ఆసనం మీద కూర్చోబెట్టింది.

"మూడేళ్ళయింది అన్నయ్యా, నిన్ను చూసి!" అంది వీధి వినేలా. ఎడమచేతి చిటికెనవేలితో అతని నుదుట చందనం దిద్దింది. తరువాత గోకుల్ వైపు తిరిగింది. "దింపడానికి వచ్చారా బాబూ? శ్రమ ఇచ్చాం. ఇక వెళ్ళిరండి."

గోకుల్ నోరు తెరిచాడు. ఆమె చూపు ఆ నోరు మూయించింది.

"వెళ్ళొస్తానమ్మా," అన్నాడు, ఖాళీ నుదుటితో.

అమీనులు అధీర్ భుజాలు పట్టుకున్నారు. "గోకుల్ శీల్‌వి నువ్వేనా?"

కోడ్ వర్డ్ నాలుక చివర ఉంది. గోకుల్ వీపు ఇంకా వీధి మలుపు తిరగలేదు. సరిహద్దు పావుగంట నడక. నుదుటిమీద చందనం చల్లగా ఉంది.

"చెల్లెలు పొరపాటు పడుతుందా?" అన్నాడు అధీర్.

అతన్ని నడిపించుకుపోతుంటే వెనక్కి చూశాడు. నిరుపమ మిగిలిన చందనంతో గోడమీద నాలుగో చుక్క పెడుతోంది.

మర్నాడు చీఫ్ బల్ల గుద్దాడు. "కోడ్ వర్డ్ సాయంత్రం దాకా ఎందుకు చెప్పలేదు?"

"గుర్తురాలేదు సార్."

"తాటిముంజె గుర్తురాలేదా! సరే, ముందు ఆ నుదురు తుడుచుకో."

"ఆరిపోయింది సార్," అన్నాడు ఏజెంట్ నంబర్ నైన్. "ఇక పోదు."