వెంటిలేటరుకు వేసిన అట్ట

ఆదివారం ఉదయం ఏడింటికి పేరయ్య గారు బాత్రూంలో గ్యాస్ గీజరు ముందు నిలబడ్డారంటే ఇక ఆ ఇంట్లో ఎవరూ కిక్కురుమనకూడదు. ఒక చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో సబ్బు నురుగు గిన్నె. రబ్బరు పైపు పొడవునా నురుగు రాసి ఎక్కడైనా బుడగ లేస్తోందా అని చూసేవారు. తర్వాత కుళాయి తిప్పి, గీజరుకున్న చిన్న రంధ్రంలోంచి మంట రంగు చూసేవారు. మంట నీలంగా, నిటారుగా ఉంటే తల ఊపేవారు. ఆ తల ఊపు కోసం ఆయన భార్య కమలాదేవి భుజాన తువ్వాలు వేసుకుని గుమ్మంలో ఎదురుచూసేది.

"అయిందాండీ మీ పూజ? హారతి కూడా ఇచ్చేస్తే నేను స్నానం చేసుకుంటాను" అనేది.

"ఇంట్లో నిప్పు పెట్టుకున్నాం కమలా. చూసుకోవద్దూ?"

"చూసుకోండి. ఈలోపు నా నెత్తిన పెట్టిన నూనె ఆరిపోతోంది."

ఆ ఇల్లు తార్నాకలో, యూనివర్సిటీ గోడకు కూతవేటు దూరంలో ఉండేది. పేరయ్య గారు తణుకు వైపు నుంచి ముప్ఫై ఏళ్ళ కిందట వచ్చి, క్యాంపస్‌లో కెమిస్ట్రీ డిపార్టుమెంటులో గాజు పనివాడిగా చేరారు. పగిలిన ఫ్లాస్కులను, విరిగిన గొట్టాలను మంటలో కరిగించి అతికించడం ఆయన పని. ఎంత పెద్ద ప్రొఫెసరైనా విరిగిన సామాను పట్టుకుని ఆయన బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆ గర్వం ఆయన నడకలో కొద్దిగా కనిపించేది కూడా.

వాళ్ళకు ఒక్కతే కూతురు, మనీషా. చిన్నప్పుడు సెలవులొస్తే నాన్నకు క్యారియర్ ఇచ్చే నెపంతో క్యాంపస్ చెట్ల కింద నుంచి నడుచుకుంటూ ఆ గదికి వెళ్ళేది. ఆయన మంట వెలిగించి, గాజు గొట్టం చేతిలోకి తీసుకుని అడిగేవారు.

"మంట ఏ రంగు?"

"నీలం!"

"పసుపు పచ్చగా ఉంటే?"

"గాలి చాలట్లేదు!"

అలా సరిగ్గా చెబితేనే గాజు పిట్ట. ఆయన బుగ్గలు పూరించి ఊదుతుంటే గొట్టం చివర పిట్ట పొట్ట ఉబ్బేది, మెడ సాగేది. అలాంటి పిట్టలు పదకొండు వాళ్ళింటి కిటికీ గట్టు మీద ఉండేవి. పిట్టల కోసం నేర్చుకున్న కెమిస్ట్రీయే చివరకు ఆ పిల్ల చదువయింది. నాన్న పనిచేసే డిపార్టుమెంటులోనే ఎమ్మెస్సీలో చేరింది.

గీజరు బిగించడానికి లాలాపేట్ నుంచి వెంకటేశం అనే మెకానిక్ వచ్చాడు. అంతవరకూ పెరట్లో రాగి కాగులో నీళ్ళు కాగేవి, కమలాదేవి కళ్ళు పొగకు ఎర్రబడేవి. ఆవిడకు ఆయాసం ఉంది. ఆ పొగ తప్పించడానికే పేరయ్య గారు గీజరు తెచ్చారు.

"సార్, బాత్రూంల వద్దు. బయట గోడకు పెడ్తా, పైపు లోపటికి ఇస్తా" అన్నాడు వెంకటేశం.

"లోపలే పెట్టు. పైన వెంటిలేటర్ ఉందిగా. ఇన్నేళ్ళుగా మంటతో బతుకుతున్నవాడిని, నాకు మంట సంగతి చెప్తావా?"

"మంట సంగతి మీకెరుకే సార్. నేను గాలి సంగతి చెప్తున్న."

పేరయ్య గారు వినలేదు. వెంకటేశం తల గోక్కుని, సరే మీ ఇష్టమని, లోపలే బిగించి వెళ్ళాడు. ఏడాదికోసారి వచ్చి బర్నర్ విప్పి మసి దులిపి వెళ్ళేవాడు. కానీ రెండువేల తొమ్మిది చలికాలంలో ఆయన అతన్ని పిలవలేదు. వీధి చివర అతని స్కూటర్ ముందు 'జై తెలంగాణ' స్టిక్కరు చూశారు, అంతే. ఆ రోజులు అలాంటివి. ఏళ్ళ తరబడి కలిసి టీ తాగినవాళ్ళు కూడా కప్పు పట్టుకుని ఎటో చూసేవాళ్ళు.

బయటివాళ్ళ సంగతి అటుంచితే, ఇంట్లోనే పెద్ద చిక్కు వచ్చిపడింది. మనీషా క్లాసులు ఆగిపోయిన నాటి నుంచి స్నేహితులతో కలిసి ఆర్ట్స్ కాలేజీ ముందు సభలకు వెళ్తోంది.

"మనకెందుకమ్మా ఈ గొడవ? మనం ఈ ఊరివాళ్ళం కాదు" అన్నారు ఓ రోజు అన్నం దగ్గర.

"నువ్వు కాదేమో నాన్నా. నేను లాలాపేట్ ఆసుపత్రిలో పుట్టాను. నా బడి గీడనే, కాలేజీ గీడనే."

"ఆ 'గీడ' ఏంటి? ఇంట్లో మాట ఇంట్లోలా మాట్లాడు!"

"ఇదే నా ఇల్లు నాన్నా, అందుకే ఇలా మాట్లాడుతున్నా" అంది మనీషా. పేరయ్య గారు కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. కమలాదేవి ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, మిగిలిన చారు తీసి లోపల పెట్టింది.

ఫిబ్రవరి నడుమ ఒక సోమవారం క్యాంపస్‌లో టియర్ గ్యాస్ పేలింది. గాలి ఇటు తిరిగి ఆ ఘాటు గోడ దాటి వీధిలోకి వచ్చేసింది. కమలాదేవికి దగ్గు తెర మీద తెర. ఆవిడ గుండె పట్టుకుని కూర్చుండిపోవడం పేరయ్య గారు చూడలేకపోయారు. అటక మీద నుంచి పాత అట్టపెట్టెలు దింపి, చింపి, ఇంట్లో ఉన్న ప్రతి సందుకూ అడ్డంపెట్టి బ్రౌన్ టేపు అంటించారు. బాత్రూం వెంటిలేటరుకు గీజరు తెచ్చిన పెట్టె అట్టే సరిగ్గా సరిపోయింది.

"ఇక చూడు కమలా, చీమ కూడా దూరదు" అన్నారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని నవ్వింది.

మంగళవారం సాయంత్రం మనీషా ఎర్రటి కళ్ళతో ఇంటికొచ్చింది. నాన్న చూడకముందే ఘాటు పట్టిన చున్నీ, డ్రెస్సు బాత్రూంలో బకెట్లో నానేసి పడుకుంది. బుధవారం ఉదయం కమలాదేవి తలంటు పోసుకోవడానికి వెళ్ళింది. తలంటంటే ఆవిడకు అరగంట పని. అరగంట దాటింది. నీళ్ళు పడుతున్న చప్పుడు వస్తోందే గాని మనిషి అలికిడి లేదు.

"అమ్మా! అమ్మా, పలకవేం?"

మనీషా ముందు పరుగున వెళ్ళి బయటున్న గ్యాస్ బండ కట్టేసింది. అది నాన్న నేర్పిన అలవాటు. తండ్రీ కూతుళ్ళు కలిసి గడియ ఊడగొట్టారు. తలుపు తెరవగానే బకెట్లోంచి టియర్ గ్యాస్ ఘాటు ముక్కుకు తగిలింది. కమలాదేవి గోడకు ఒరిగి, స్పృహ లేకుండా పడి ఉంది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. రెండు గంటలకు ఆవిడ కళ్ళు తెరిచి, తల పగిలిపోతోందంది. ఊపిరాడక పడిపోయారన్న డాక్టరు, "బాత్రూంలో ఏమున్నాయి?" అని అడిగాడు.

"మా అమ్మాయి బట్టలున్నాయండీ. టియర్ గ్యాస్ పట్టినవి" అన్నారు పేరయ్య గారు. ఆయాసం మనిషి కదా, ఆ ఘాటు పడి ఉండదన్నాడు డాక్టరు. గీజరు మాట ఎవరి నోటా రాలేదు. తండ్రీ కూతుళ్ళిద్దరూ కెమిస్ట్రీ చదువుల మధ్య బతికినవాళ్ళే. కానీ తప్పు తనదేనని ఒకరు, ఎదుటి మనిషిదేనని ఒకరు నమ్మేశాక ఇక బుర్రకు ఏం తడుతుంది?

వరండాలో ఆయన కూతురి మొహం చూడకుండానే అన్నారు. "నీకు ఉద్యమం కావాలి. మీ అమ్మ అక్కర్లేదా?"

మనీషా అమ్మ ఉన్న గది వైపు చూసింది.

"శనివారం తణుకు వెళ్ళు. మీ అత్తయ్య దగ్గరుండు. చదివింది చాలు."

ఎప్పుడూ మాటకు మాట అంటించే పిల్ల ఆ రోజు "అలాగే నాన్నా" అంది. అమ్మను చేతులారా చంపబోయాననే నమ్మింది మరి. ఇంటికొచ్చి ఆ బట్టలు మూడుసార్లు ఉతికి, మేడ మీద ఆరేసి, పరీక్ష ఫీజు కాగితాలు చింపేసింది.

గురువారం కమలాదేవిని ఇంటికి పంపించారు. "నాకేం కాలేదండీ, పిల్ల చదువు మానిపించకండి" అని ఆవిడ రెండు రోజులూ బతిమాలుతూనే ఉంది. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

శనివారం ఉదయం కూతుర్ని స్టేషనుకు తీసుకెళ్ళాలని పేరయ్య గారు స్నానానికి వెళ్ళారు. మూడు రోజులుగా నీళ్ళు పొయ్యి మీదే కాగుతున్నాయి, ఎవరూ గీజరు వెలిగించలేదు. ఆయన కుళాయి తిప్పి, ఊరికే నిలబడి, అలవాటుగా రంధ్రంలోంచి చూశారు. మంట నీలంగానే ఉంది. బకెట్టు నిండేదాకా మనసెటో పోయింది. కిటికీ గట్టు మీద పదకొండు పిట్టలనూ మనీషా పాత గుడ్డలో చుట్టి అమ్మ చేతికిచ్చిన సంగతి గుర్తొచ్చింది. ఒక్కటీ వెంట తీసుకెళ్ళనందట.

కణతల దగ్గర సన్నగా నొప్పి మొదలైంది. మళ్ళీ మంట వంక చూశారు. పసుపు పచ్చగా ఉంది. బద్ధకంగా, పక్కకు ఒరుగుతూ మండుతోంది.

ఆయన మెల్లగా తల పైకెత్తారు. వెంటిలేటరు నిండా అట్ట. తన చేత్తో వేసిన అట్ట. దాని మీద గీజరు బొమ్మ, పక్కన తెరిచిన కిటికీ బొమ్మ, ఆ కిటికీ వైపు ఎర్రటి బాణం గుర్తు. ఇన్నాళ్ళూ అది ఆయన నెత్తి మీదే ఉంది. బకెట్లో బట్టలు ఇప్పుడు లేవు. మంట మాత్రం అదే మంట.

తలుపు తోసుకుని బయటకొచ్చి గోడ పట్టుకున్నారు. బయటి గాలి పీల్చారు. అట్ట పీకి పారేస్తే ఎవరికీ తెలియదు. కమలకు తెలియదు, పిల్ల బండెక్కి వెళ్ళిపోతుంది, ఇంట్లో పెద్దరికం ఇంట్లోనే ఉంటుంది. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. లోపలి గదిలోంచి మనీషా గొంతు వినిపించింది. "అమ్మా, ఎర్ర బిళ్ళ అన్నం తిన్నాక. నేను లేనని మానేయకు." ఆయన కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

"మనీ! ఒకసారి ఇటు రా తల్లీ."

ఆ పిలుపు విని చాలా రోజులైంది. మనీషా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"లోపలికి వెళ్ళకు. ఇక్కడి నుంచే చూడు. మంట ఏ రంగు?"

ఏమడుగుతున్నారో అర్థం కాక చూసింది. "పసుపు" అంది.

"పసుపు పచ్చగా ఉంటే?"

"గాలి చాలట్లే..." అంటూ ఆగిపోయింది. ఆమె చూపు మంట మీద నుంచి లేచి, పైన అట్ట దగ్గర నిలిచింది. అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది.

"నీ బట్టలు కాదమ్మా. నా అట్ట. బయట విషం లోపలికి రాకూడదని చూశాను గాని, లోపల మంట కక్కే విషం బయటికి పోవాలని నాకు తట్టలేదు. మీ అమ్మను చంపబోయింది నేను. ఆ పాపం నీ నెత్తిన రుద్దాను."

"మూడు రోజులు నాన్నా!" అని ఒక్కసారిగా ఏడ్చేసింది మనీషా. "మూడు రోజులు అమ్మ మొహం చూడలేకపోయాను. పడుకుంటే అమ్మ పిలిచినట్టయ్యేది. ఒక్కమాట, ఒక్కమాట నన్ను అడగొచ్చు కదా!"

"అడగాల్సింది. అడగలేదు. తప్పు నాదే." ఆయన చేతులు జోడించబోతే ఆమె పట్టుకుని ఆపింది.

గోడ పట్టుకుంటూ కమలాదేవి వచ్చింది. ఇద్దరినీ చూసింది, పైన అట్టను చూసింది. ఆవిడ ఏ కెమిస్ట్రీ చదవలేదు గాని అరనిమిషం పట్టలేదు.

"ఏడుపులు తర్వాత. ముందు ఆ అట్ట పీకండి" అంది.

పేరయ్య గారు ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళి, స్టూలెక్కి, ఒక్క లాగు లాగారు. టేపుతో పాటు సున్నం కూడా ఊడి ఆయన మొహం మీద రాలింది. వెలుతురు పడింది, చల్లటి గాలి దూసుకొచ్చింది. గాలితో పాటే క్యాంపస్ వైపు నుంచి నినాదాలు కూడా వచ్చాయి. ఆయన ఒక క్షణం విన్నారు. మొహం చిట్లించలేదు.

"ఇప్పుడు చూడు మనీ."

మంట ఒరగడం తగ్గింది, నిటారైంది. "నీలం నాన్నా" అంది మనీషా ముక్కు తుడుచుకుంటూ.

గేటు దగ్గర ఆటో హారన్ మోగింది. "అతన్ని పంపించేయండి" అంది కమలాదేవి. "కాదు, ఉండమనండి. లాలాపేట్ వెళ్ళి ఆ వెంకటేశాన్ని పిలుచుకురండి."

పేరయ్య గారు వెళ్ళారు. వెంకటేశం స్కూటర్ మీద స్టిక్కరు అలాగే ఉంది. జరిగిందంతా దాచకుండా చెప్పి, "ఆ రోజు నీ మాట వినలేదయ్యా" అన్నారు.

వెంకటేశం లేచి చేతులు తుడుచుకున్నాడు. "అమ్మ మంచిగున్నది కద సార్? గంతే చాలు. పోదాం పట్టుండ్రి" అని పనిముట్ల సంచీ తీసుకున్నాడు. సాయంత్రానికల్లా గీజరు బయట గోడకు, రేకు గొడుగు కిందకు మారింది. ఆ తర్వాత కమలాదేవి పెట్టిన పెసరట్లు వద్దంటూనే నాలుగు తిన్నాడు.

సోమవారం మనీషా చెప్పులు వేసుకుంటుంటే పేరయ్య గారు తడిపి పిండిన తువ్వాలు తెచ్చి చేతికిచ్చారు. "మొహానికి అడ్డం పెట్టుకో. చీకటి పడకముందే వచ్చెయ్" అన్నారు. వెళ్ళమని అనలేదు, వద్దనీ అనలేదు. పరీక్ష ఫీజు కొత్త కాగితం ఆ తువ్వాలు మడతలోనే, ప్లాస్టిక్ కవరులో ఉంది.

ఆ వెంటిలేటరుకు మళ్ళీ ఎవరూ ఏ అడ్డూ పెట్టలేదు. చలికాలంలో గాలి కోసేసేది, కమలాదేవి సణిగేది, అయినా మూసేది కాదు. రాష్ట్రం వచ్చింది. పేరయ్య గారు రిటైరయ్యారు. మనీషా గోల్నాకలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆదివారం ఉదయం ఏడింటికి మాత్రం తార్నాకలో ఉంటుంది. ఆయనకు చూపు ఆనడం లేదు, గీజరు చూసే పని ఇప్పుడామెది. నురుగు రాసి, పైపు చూసి, పెరట్లో గోడ దగ్గర నిలబడుతుంది. లోపల స్నానం చేస్తున్న ఆయనకు మంట కనపడదు కదా, వెంటిలేటర్లోంచి గొంతు వస్తుంది.

"మనీ, మంట ఏ రంగు?"

"నీలం నాన్నా" అంటుంది. ఆయన బయటికొచ్చేదాకా అక్కడి నుంచి కదలదు.