మిద్దె మీది చౌడు

అనంతపురం సీమలో వానకు భయపడే మనిషి ఉన్నాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ధర్మవరం మగ్గాల వీధిలో ఓబుళేసును చూసి అందరూ అలాగే నవ్వేవారు. డెబ్బై తొమ్మిదిలో సంగతి ఇది. వేరుశనగ మొలకెత్తిన చోటే మాడిపోయింది, బావుల్లో బురద కూడా ఎండింది. అయినా ఓబుళేసు ఏ ఊరికి పోవాలన్నా ముందు మిద్దె ఎక్కేవాడు.

ఈసారి లేపాక్షిలో పెళ్లి. పెళ్లికూతురు ఆయన రెండో పెళ్లాం అక్కమ్మకు చెల్లెలు. బయల్దేరే ముందు ఓబుళేసు మిద్దె మీద పగుళ్లన్నీ వెతికి, నీళ్లు దిగకుండా తెల్లటి చౌడు మట్టి పోసి తొక్కాడు. వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత, అదే గవాచి, దాన్ని బండతో మూశాడు. మగ్గానికి నిలువుగా కట్టిన పట్టుదారాల పడుగు మీద గోనెలు కప్పాడు. దొంగలు ఎక్కకుండా నిచ్చెనను లోపలికి తెచ్చి గవాచి కింద గోడకు ఆనించాడు. వానొస్తే మీ మిద్దె మీదినుంచే వచ్చి కాస్త చూసుకోమని పక్కింటి లక్ష్మన్నకు చెప్పాడు. ఆ ఏడే ఆ వీధికి కాపురమొచ్చిన లక్ష్మన్న నవ్వాపుకొని సరేనన్నాడు. పడుగు షావుకారుది. తడిసి రంగు దిగితే షావుకారు మగ్గాన్నే ఊడబీక్కుపోతాడు.

ఓబుళేసు భయం అదొక్కటే అయితే బాగుండేది.

మిద్దె కారితే ఇద్దరు కావాలి. పైన ఒకరు చౌడు తొక్కుతుంటే, కింద ఒకరు నిలబడి చుక్క ఎక్కడ పడుతుందో చెప్పాలి. మూడేళ్ల కిందటి వానలో పైనున్నది మొదటి పెళ్లాం బయమ్మ. ఇంకా కారుతోందా అని ఆమె అడిగేది. ఇంకొంచెం అవతలికి అని ఈయన అనేవాడు. కళ్లన్నీ పడుగు మీదే. అడుగుల చప్పుడును బట్టి ఆమె మిద్దె అంచుకు వచ్చేసిందని తెలిసి కూడా ఇంకొక్కసారి అన్నాడు. వీధి బండల మీద దబ్బుమని చప్పుడైంది. ముందు పడుగు మీద గోనె కప్పి, ఆ తర్వాతే బయటికి పోయాడు. కాలు జారి పడి చచ్చిపోయిందని ఊరందరికీ చెప్పాడు. సిగ్గులేని మనిషి, ఏడ్చాడు కూడా. ఆ తర్వాత ఆ వీధిలో వాన పడలేదు.

పెళ్లి పందిట్లో ఉండగా పడింది. జనమంతా తడుస్తూ గంతులేస్తుంటే, ఓబుళేసు విస్తరి ముందునుంచి లేచిపోయాడు. మరునాడే అక్కమ్మను లాక్కొని బస్సెక్కాడు. ధర్మవరంలో దిగేసరికి పొద్దు గూకుతోంది. తాళంచెవి తీసుకొని అక్కమ్మ ముందు పోయింది. వీధి మొదట్లో లక్ష్మన్న ఎదురొచ్చాడు.

“నిన్న నేను ఎక్కబోతే, వదిన అప్పటికే మీ మిద్దె మింద చౌడు తొక్కుతాండాదన్నా. మీరు వచ్చేసినారనుకొని ఊరకుండిపోతి.”

“ఏ వదినప్పా?”

“ఏ వదినేంది? నీ పెండ్లామే. పలకరిస్తే తలెత్తకపాయ.”

నిన్న ఆ వేళకు అక్కమ్మ లేపాక్షిలో తన పక్కనే ఉంది. ఓబుళేసు ఇంటిదారి పట్టాడు.

వీధిలో ప్రతి మిద్దే కారింది. వీళ్ల ఇంట్లో మాత్రం చుక్క తడి లేదు. గోనెలు కప్పినవి కప్పినట్టే ఉన్నాయి. అక్కమ్మ లాంతరు వెలిగించి సంబరపడింది. ఆ పొడి ఇంట్లో తడి చౌడు వాసన గుప్పుమంటోంది. ఓబుళేసు ముక్కుకు అది తెలుస్తూనే ఉంది.

మళ్లీ చినుకులు మొదలయ్యాయి. పైన ఏదో చప్పుడు... మెత్తగా. అడుగు పక్కన అడుగు. తొక్కుతున్నారు. చప్పుడు గవాచి దగ్గరికొచ్చి ఆగింది.

“ఇంకా కారతాండాదా?”

పలకొద్దని ఓబుళేసు చెయ్యి ఊపాడు. అక్కమ్మ అటు చూడనేలేదు. లక్ష్మన్న పెళ్లాం, పాపం, తమ కోసం వానలో తడుస్తోందనుకుంది.

“లేదక్కా, ఒక్క చుక్క కూడా కారలే. తొక్కింది చాలు, లోపలికి దిగిరా.”

పైన అడుగులు కదిలాయి... వీధివైపు అంచుకు. ఓబుళేసు గోడకు ఒరిగిపోయాడు. మూడేళ్లుగా కలలో వింటున్న ఆ చప్పుడు కోసం పళ్లు బిగించి కాచుకున్నాడు. అది రాలేదు... వాన ఒక్కటే.

“ఏమయ్యా,” అక్కమ్మ గొంతు తగ్గించింది, “ఈ నిచ్చెన మనం పోయేటప్పుడు పొడిగానే ఉండె గదా?”

ఓబుళేసు లాంతరు ఎత్తాడు. నిచ్చెన మెట్ల మీద తెల్లటి తడి చౌడు. పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా, మెట్టుకొక పాదం. తర్వాత నేల మీద. అవి ఆయన పక్కనుంచే పోయి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంత అంచున ఆగాయి.

గుంతలోంచి, చాలా నెమ్మదిగా...

“పడుగు తడవలేదు గదయ్యా?”

అక్కమ్మ మొగుడి మొహంలోకి చూసింది. పడుగు మీది గోనె ఒకటి మెల్లగా గుంతలోకి జారిపోయింది, చలికి ఎవరో కప్పుకోవడానికి లాక్కున్నట్టు.