అంచు వైపు చోటు

"తువ్వాలు పిండమంటే దాని గొంతు పిసుకుతాండావేందప్పా? మెల్లగా."

ఓబుళేసు తలెత్తి చూశాడు. ఎదురుగా నీలం అంచు తెల్లచీరలో ఒకమ్మాయి నిలబడి ఉంది. జడలో కనకాంబరాలున్నాయి. ముఖంలో మాత్రం జాలి మచ్చుకైనా లేదు.

"నేను మగ్గం నేసేటోణ్ని. ఇట్లా బకెట్ ముందర కూచుని తువ్వాలు పిండేదేంది?"

"నేసే చెయ్యి కావల్లంటే ముందర పిండే చెయ్యి రావల్ల. ఇంగోసారి."

ధర్మవరంలోని ఆ చిన్న ఆసుపత్రిలో, వ్యాయామాల గదిలో, అవి చేయించే నర్సు కదిరమ్మతో అతని మొదటి మాటలివి.

మగ్గం తాడు గుంజీ గుంజీ ఓబుళేసు కుడి మోచెయ్యి రెండేళ్లుగా నిప్పుల కుంపటైంది. కాపడాలు, తైలాలు, సూదులు అన్నీ అయ్యాయి. చివరికి చెంబు ఎత్తలేని స్థితి వస్తే అనంతపురంలో ఆపరేషన్ చేశారు. "కండను ఎముకకు కట్టే పట్టీ పోగులు పోగులుగా లేచిపోయింది. చెడిన పోగులు తీసేసి మిగిలింది సరిచేశాం," అన్నాడు డాక్టరు. పోగుల మాట వినగానే ఓబుళేసుకు మొత్తం అర్థమైపోయిందనిపించింది. తంటా అంతా అక్కడే వచ్చింది.

"పోగు అతికినారు కదా. మేం తెగిన పోగు అతికితే ఆ నిమిషమే నేస్తాం," అన్నాడు కదిరమ్మతో.

"పట్టు పోగుకు ప్రాణం ల్యా. నీ పోగు లోపల పెరగల్ల. దానికి టైం కావల్ల."

"ఎంత టైం?"

"నువ్వు అడిగేది మానేసేంత."

ఆ ఏడు వాన మొహం చూపలేదు. కొళాయి దగ్గర బిందెల వరుస వీధి మలుపు దాకా ఉండేది. అందుకే తువ్వాలు పిండిన నీళ్లు పారబోస్తే కదిరమ్మ ఊరుకునేది కాదు. కిటికీ కింద పగిలిన కుండలో ఆమె పెంచే కనకాంబరం మొక్కకు ఆ నీళ్లే ఆధారం. వ్యాయామం కాగానే బకెట్ ఎడమచేత్తో ఎత్తి మొక్కకు పోయడం ఓబుళేసు పని. ఎండిన మన్ను ఆ నీటిని చప్పుడు చేస్తూ తాగేది. రోజు మొత్తంలో అతని మనసు ఒక చోట నిలిచేది ఆ కాసేపే.

ఇంటికొస్తే నిలకడ లేదు. వీధంతా మగ్గాలు మోగుతుంటే తన ఇల్లొక్కటే మూగగా ఉండేది. సగం నేసిన మెరూన్ చీర మీద అమ్మ నాగలక్ష్మమ్మ పాత దుప్పటి కప్పింది. అతను దుప్పటి ఎత్తి చూసేవాడు, కప్పేవాడు, స్టేషన్ దాకా నడిచేవాడు, మళ్లీ వచ్చి ఎత్తి చూసేవాడు.

"మగ్గం యాడికీ పోదు లేరా," అనేది అమ్మ. "ఆస్పత్రి కూడా యాడికీ పోదు. తెల్లారకముందే తల దువ్వుకుంటాండావేంది?"

ఆసుపత్రిలో అందరూ కదిరమ్మను సిస్టరమ్మా అనేవారు. ఓబుళేసు మాత్రం ఎందుకో ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాడు.

ఒక ఉదయం అమ్మ నీళ్లకు వెళ్లింది. ఓబుళేసు మగ్గం గుంటలోకి దిగాడు. తెలివిగా చేతులు మార్చాడు. తాడు ఎడమచేత్తో గుంజి, పోగును బిగించే పలకను కుడిచేత్తో కొట్టాడు. ఆ చీరకు అంచు వేరే రంగు. అంచు పోగును అటూ ఇటూ మోసే నాడె వేయడానికి పక్కన ఇంకొకరు కూర్చోవాలి. వాళ్ల వీధిలో ఆ చోట్లో ఇంటివాళ్లు తప్ప వేరేవాళ్లు కూర్చోరు. అన్న జయరాముడు అత్తగారి ఊరు చిలమత్తూరు చేరాక అమ్మ కూర్చునేది. ఇప్పుడామె కళ్లకు సన్నపోగు ఆనదు. అందుకని అటు వంగి ఆ నాడె కూడా తానే వేశాడు.

కొంచెం నేశాడో లేదో, గుమ్మంలో నీలం అంచు కనిపించింది.

"వెనక వీధిలో నా గది దాకా వినపడతాంది," అంది కదిరమ్మ. "కుంటి గుర్రం నడిచినట్లుండాది దెబ్బ. నువ్వేనని తెలిసిపోయింది."

"చేతులు మార్చుకున్నా. నొప్పి చేత్తో గుంజనేల్యా."

"పలక కొట్టేది యా చెయ్యి? ఆ అదురు యాడికి పోతాది?"

అతను మోచెయ్యి చూసుకున్నాడు. అప్పటికే ఉబ్బింది. ఆమె సోడా అంగడికి పోయి ఐసు ముక్క తెచ్చి, గుడ్డలో చుట్టి మోచేతికి అదిమింది. చేతులు సున్నితంగా ఉన్నాయి గానీ మాట కరుకుగా వచ్చింది.

"మా నాయన తిప్పన్న కొత్తచెరువులో మగ్గం నేసేవాడు. నేను చిన్నప్పట్నుంచి పక్కన కూచుని అంచు నాడె వేసినా. ఆయనకూ ఇదే నొప్పి. ఈ పొద్దు ఒక్క గజం, రేపు ఒక్క గజం అని నేసి నేసి, ఇప్పుడు అన్నం కూడా ఎడం చేత్తోనే తింటాడు. మళ్లా ఇంగొక చెయ్యి పొయ్యేది నేను చూడల్లనా?"

"నాది పోతే నీకేం?" నవ్వించాలని అన్నాడు ఓబుళేసు.

ఆమె నవ్వలేదు. ఐసు గుడ్డ అతని చేతిలో పెట్టి లేచింది. "రేపట్నుంచి హనుమంతప్పన్న చేపిస్తాడు. నా కాడికి రావద్దు."

మర్నాటి నుంచి ఆమె తోటి ఉద్యోగి హనుమంతప్ప ఆవలిస్తూ వ్యాయామాలు చేయించాడు. కదిరమ్మ గదికి అవతలి మూల వేరే రోగులతో ఉండేది. చూపు ఇటు రానిచ్చేది కాదు. ఒకసారి ఆ చూపు ఇటు వచ్చినా, అతని కంట పడగానే గోడమీది క్యాలెండర్ వైపు మళ్లింది. ఓబుళేసు దుప్పటి ఎత్తి చూడడం మానేశాడు. చెప్పినంతే పిండాడు, చెప్పినంతే ఎత్తాడు. నీళ్లు మాత్రం రోజూ మొక్కకు పోశాడు. నెలలు గడిచాయి. చెంబు ఎత్తగలిగాడు, తర్వాత బిందె. చివరికి డాక్టరు మోచెయ్యి నొక్కి చూసి, "కొంచెం కొంచెంగా నేయొచ్చు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. నాలుగు చినుకులు నేలమీద పడి, పనిలేనట్టు వెళ్లిపోయాయి. కదిరమ్మ కుండ దగ్గర నిలబడి ఉంది.

"పూసింది," అన్నాడు ఓబుళేసు.

"నీళ్లు పోస్తే పూయదా."

"డాక్టరు మగ్గం కాడ కూచోమన్నాడు. కొంచేపే. ఆ కొంచెం ఎంతో నాకు తెలీదు. చాలని చెప్పేవాళ్లు పక్కన ఉండల్ల."

"మీ అమ్మ ఉండాది కదా."

"ఆమెకు పోగు ఆనదు. అంచు వైపు చోటు ఖాళీగా ఉండాది."

కదిరమ్మ అతన్ని సూటిగా చూసింది. ఇన్ని నెలల బాకీ అంతా ఆ చూపులో ఉంది. "ఆ చోట్లో ఎవురు కూచుంటారో తెలిసే అడుగుతాండావా?"

"తెలిసే."

"మా నాయనను అడగల్ల," అని ఆమె వంగి ఒక పువ్వు తెంపింది. చెవులు ఎర్రబడ్డాయి.

ఆదివారం తిప్పన్న బస్సు దిగి వచ్చి, ఓబుళేసు ఇంటి గుమ్మం దగ్గర గోడకానుకుని కూర్చున్నాడు. "మాటలు తర్వాత. ముందర దెబ్బ వినల్ల," అన్నాడు. నాగలక్ష్మమ్మ దుప్పటి తీసింది. కదిరమ్మ కొంగు దోపుకుని అంచు వైపు కూర్చుంది. నాడె అటు నుంచి వచ్చింది, ఇటు నుంచి పోయింది, పలక పడింది. ఎదురింట్లో మగ్గం ఒక్క క్షణం ఆగి విని, మళ్లీ మొదలైంది. తిప్పన్న కళ్లు మూసుకున్నాడు. ఎడమచెయ్యి మోకాలి మీద తాళం వేసింది.

ఓబుళేసుకు ఊపు వస్తోంది. నొప్పి లేదు.

"చాలు. లెయ్," అంది కదిరమ్మ.

"ఒక్క జానెడు."

"లెయ్."

ఓబుళేసు తాడు వదిలి గుంటలోంచి లేచాడు.

"చూసినావా అన్నా," అంది నాగలక్ష్మమ్మ తిప్పన్నతో. "కన్ననాటి నుంచి చెప్తాండా, నా మాటకు ఒక్కసారి లేచిందిల్యా."

తిప్పన్న కళ్లు తుడుచుకుని నవ్వాడు. "నా బిడ్డ మాట విని నేనూ అప్పుడే లేచింటే బాగుండు. అంచుకు, చీరకు జోడు బాగుండాదిలేమ్మా."

ఓబుళేసు లేచాడు గానీ, కదిరమ్మ మాత్రం ఆ చోట్లోంచి లేవలేదు.