చివరి గుంజకి కట్టిన పడవ

రేవులో పడవలు ఎంత కిక్కిరిసినా ఆ చివరి గుంజ మాత్రం ఖాళీగానే ఉండేది.

పక్కన మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ. దాని గోడ నీడ పడి అక్కడి నీళ్లు పట్టపగలు కూడా నల్లగానే కనిపిస్తాయి. ఎప్పుడో ఒక కళాసీ, అంటే పడవలో వలలు లాగే పనివాడు, ఆ గుంజ దగ్గరే జారిపడి మునిగిపోయాడట. పైకి తీసేసరికి ప్రాణం లేదు. ఆ రాత్రి నుంచీ... తాగిన నీళ్లు కక్కుతూనే ఉన్నాడట. ముందు గొంతులో గురగుర... తర్వాత గళగళ... మింగినవి మింగినట్టు బయటికి.

ఇదంతా నాకు చెప్పింది రేవు కాపలాదారు. అందరూ టార్చి తాత అంటారు. ఆయనకి ఎవరు చెప్పారో ఆయనకే తెలియదు.

"నువ్వు కళ్లారా చూశావా తాతా?" అని అడిగాను.

"చూసినవాడు చెప్పడానికి మిగులుతాడా తల్లీ?"

నేను డిగ్రీ చదివిన మనిషిని. ఇలాంటి సాక్ష్యాలు చెల్లవని నవ్వాను. నవ్వి, మా పడవని తీసుకెళ్లి ఆ గుంజకే కట్టించాను. అదొక్కటే ఖాళీ మరి.

పడవ నాది కాదు, మా ఆడపడుచుది. వలల ఫ్యాక్టరీలో ఎవరెవరి కోసమో వలలు అల్లీ అల్లీ విసిగిపోయి, ఉద్యోగం మానేసి, ఉన్నదంతా ఊడ్చి ఒక పాత చిన్న పడవ కొనుక్కుంది. "పెళ్లి మాటెత్తితే పడవ మాటెత్తుతుంది, ఇదెక్కడి పిల్లరా దేవుడా!" అని మా అత్తగారు తల పట్టుకున్నారు. మా ఆయన ఎప్పట్లాగే పేపరు పట్టుకున్నారు. పడవ బాగోగులు చూసే పని నా నెత్తిన పడింది.

"వదిన చదువుకుంది కదా," అంది మా ఆడపడుచు.

నేను చదివింది చరిత్ర. ఆ సంగతి పడవకి తెలియదు కదా అని ఒప్పేసుకున్నాను.

నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, బాగానే చూశాను. అడుగున పట్టిన పాచి గీకించాను. ఇంజనుకి ఆయిలు మార్చాను. సముద్రం మీంచి వచ్చిన ప్రతిసారీ ఉప్పు వదిలేదాకా మంచినీళ్ల గుడ్డతో తుడిచాను. బ్యాటరీ కొసలకి పట్టిన తెల్లటి బూజుని పాత టూత్ బ్రష్షుతో తోమాను. అడుగున ఒక మూల ఉన్న చిన్న మోటారు జల్లెడలో ఇరుక్కున్న చెత్త పీకేశాను. ఆపైన పడవ చుట్టూ, నీటికి జానెడు ఎత్తున, తెల్లరంగుతో ఒక గీత గీశాను. అది అందానికి.

ఒక్కటే నాకు మింగుడు పడలేదు. ఇంజను నుంచి, నీళ్లలో తిరిగి పడవని నెట్టే పంకాకి వెళ్లే ఇనుప షాఫ్టు పడవ వెనకభాగంలో బయటి నీళ్లలోకి దూరుతుంది. ఆ సందులో గ్రీజు పట్టించిన తాడు చుట్టి, రెండు నట్లతో బిగించి ఉంచుతారు. అక్కడ చుక్క... చుక్క... లోపలికి కారుతోంది. పడవ అమ్మినవాణ్ని నిలదీశాను.

"ఇంజను తిరిగేటప్పుడు అది కారాలమ్మా. ఆ చుక్కే దానికి చలవ," అన్నాడు.

చిల్లికుండ అమ్మేవాడు కూడా ఇలాగే అంటాడు. నేనసలే కుళాయి కారితే నిద్రపట్టని మనిషిని. పానా పుచ్చుకుని, పళ్లు కరిచిపట్టి, నట్లు రెండూ ఇక తిరగం మొర్రో అనేదాకా బిగించాను. చుక్క ఆగిపోయింది.

"గట్టిదానివే వదినా!" అంది మా ఆడపడుచు.

ఆ పొగడ్త నాకు రాత్రి అన్నంలోకి కూరలా పనికొచ్చింది.

మర్నాడు వేటకి వెళ్లొచ్చి, "వదినా, వెనకాల ఏదో కాలిన వాసన వచ్చింది," అంది.

"కొత్త రంగు కదా, ఎండకి అలాగే ఉంటుంది," అన్నాను. తెలియదు అనే మాట చదువుకున్నవాళ్ల నోట అంత తొందరగా రాదు.

ఆ రాత్రే మొదలైంది.

తెల్లవారకముందే మా గుమ్మంలో కళాసీ నిలబడ్డాడు. మా ఆడపడుచు పడవకి కుదిరిన మనిషి. కొండలా ఉంటాడు, గాలివానకి కూడా బెదరడు. అలాంటివాడు లోపలికి రమ్మన్నా గడప దాటలేదు.

"అక్కా, నేనింక రాను. రాత్రి పడవలో పడుకున్నా. నా తల కిందే... ఎవడో కక్కాడు."

"కల వచ్చి ఉంటుందిరా," అంది మా ఆడపడుచు.

"కల అయితే ఒకసారి వస్తుంది అక్కా. నేను లేచి కూర్చున్నాక మళ్లీ కక్కాడు."

వేట అప్పుడే ఊపందుకుంటోంది. చేతిలో పనున్న కళాసీ ఎవడూ ఇంకో పడవకి మారడు. వల ఒక్కదాని చేతుల మీద లేవదు. వీడు రాకపోతే పడవ గుంజకి కట్టిన చెక్కపెట్టె, అంతే. లోపల్నుంచి మా అత్తగారు, ఎవరికీ చెప్పనట్టుగా, "ఫ్యాక్టరీలో దాని కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందట," అన్నారు.

మా ఆడపడుచు మొహం తెల్లగా పాలిపోయింది.

"ఇదిగో తమ్ముడూ," అన్నాను కళాసీతో. "ఇవాళ రాత్రి మేం అక్కడ కాపలా కూర్చుంటాం. దెయ్యం లేదని తేలిస్తే వస్తావా?"

"తేలిస్తే వస్తా. తేలకపోతే... మీరిద్దరూ జాగ్రత్త," అని వెళ్లిపోయాడు.

పగలు వెళ్లి పడవంతా చూశాం. అడుగున కాస్త తడి, అంతకుమించి ఏమీ లేదు. ఆ రోజు వేట లేదు, ఇంజను వేయలేదు. పడవ గుంజని పట్టుకుని బుద్ధిగా ఊగుతోంది.

చీకటి పడింది.

గట్టు మీద వలల మూటల పక్కన ముగ్గురం కూర్చున్నాం. నేను, మా ఆడపడుచు, మాకు తోడుగా టార్చి తాత. తోడుగా అని ఆయన అన్నాడు. వేడుక చూడ్డానికి వచ్చాడని నా అనుమానం.

రేవులో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. నీళ్లు గుంజని నాకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"వస్తాడు..." గొణిగాడు తాత.

"ఎవరూ రారు తాతా. తాడు రాపిడికి చప్పుడవుతుంది. గాలికి ఐసు ఫ్యాక్టరీ రేకు ఊగుతుంది. మిగతాదంతా మన మనసు కల్పించుకుంటుంది. అసలు భయమనేది..." అంటూ ఉపన్యాసం అందుకున్నాను.

అందుకున్నానో లేదో —

గుర్‌ర్‌ర్‌ర్...

పడవలోంచే. పడవ కడుపులోంచి.

గళ్... గళ్... గళ్...

నీళ్లలో నీళ్లు పడుతున్న చప్పుడు. ఆ తర్వాత నిశ్శబ్దం.

ఉపన్యాసం ఎక్కడ ఆగిందో నాకు తెలియదు. చూసుకుంటే మా ఆడపడుచు వెనకాల ఉన్నాను. ఎప్పుడెళ్లానో అదీ తెలియదు.

"వదినా... గోళ్లు..."

"ష్!"

"నా భుజం వదినా."

మళ్లీ వచ్చింది. గుర్‌ర్‌ర్‌ర్... ఈసారి ఇంకాస్త సేపు. ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ. ఆ తర్వాత మరీ తొందరగా. కడుపులో పేగులన్నీ తోడుతున్నట్టు, ఆగకుండా...

"ఇన్నాళ్లకి పడవ దొరికింది వాడికి," అన్నాడు తాత. "ఇక వదలడు."

చరిత్రలో ఎందరు వీరులు వెనుదిరిగారో చెప్పమంటే నేను గడగడా చెప్పగలను. ఆ వరసలో చేరడానికి చెప్పులు వెతుక్కుంటున్నాను. మా ఆడపడుచు మాత్రం కదల్లేదు. పడవనే చూస్తూ కూర్చుంది.

"ఇది వదిలేస్తే నాకింకేం లేదు వదినా," అంది మెల్లగా.

అది విని నేను సిగ్గుతో ఆగాను. తాత రోషంతో లేచాడు. "ఓరేయ్! ఆడపిల్ల పొట్ట కొడతావురా? పో!" అని కాలి చెప్పు తీసి పడవ మీదికి విసిరాడు.

గుర్‌ర్... గుర్... గు...

గొంతు సన్నబడింది. మూలిగింది. ఆగిపోయింది.

చెవులు రిక్కించి కూర్చున్నాం. ఎంతసేపటికీ లేదు. పూర్తిగా లేదు.

"పోయాడు!" అన్నాడు తాత, తన చెప్పు వంక తనే గౌరవంగా చూస్తూ. మేం ఫ్లాస్కు తెరిచి టీ పోసుకున్నాం. భయం తగ్గగానే నా డిగ్రీ తిరిగొచ్చింది. "చెప్పానా? గట్టిగా నిలబడితే ఏ దెయ్యమైనా..."

"వదినా," అంది మా ఆడపడుచు. "నువ్వు వేసిన తెల్లగీత ఏదీ?"

"అదిగో, అక్కడే..."

లేదు.

"పోటు వచ్చి నీళ్లు పెరిగుంటాయి," అన్నాను.

"నీళ్లు పెరిగితే పడవ కూడా లేస్తుంది కదా వదినా!"

నా చేతిలో టీ నా చీర మీదే ఒలికింది.

"తాతా, రా!" అని కేకేసి ఇద్దరం పడవలోకి దూకాం. మోకాళ్ల దాకా నీళ్లు! మా ఆడపడుచు బ్యాటరీ మీట నొక్కింది. దీపం వెలగలేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నా చేత్తో నేనే జల్లెడ శుభ్రం చేసిన ఆ మూలనున్న మోటారు. అడుగున నీరు చేరితే దానంతటదే తిరిగి, నీటిని బయటికి తోడేస్తుంది. అంతకుముందు ఎప్పుడూ అంత నీరు చేరలేదు కనక దాని గొంతు మేం వినలేదు. నిన్న రాత్రి నుంచీ ఒంటరిగా తోడీ తోడీ, బ్యాటరీ ఖాళీ అయి, మా కళ్లముందే చచ్చింది. మేం కూర్చుని టీ తాగాం.

రేవు మొత్తంలో తన పని తాను చేసుకుపోతున్న ఒకే ఒక్క ప్రాణి అది. దాన్ని చెప్పుతో కొట్టించాం.

మా ఆడపడుచు ఇంజను వెనక నీళ్లలో చెయ్యిపెట్టి తడిమింది. "షాఫ్టు దగ్గర వదినా! తాడంతా కాలి పొడి అయిపోయింది. ధారగా వస్తోంది!"

చలవ చుక్కని నేనే ఆపేశాను కదా. ఇనుము వేడెక్కి తాడు మాడిపోయింది. కొత్త రంగు వాసన!

నా పైటకొంగు చింపి ఇచ్చాను. దానికి గ్రీజు మెత్తి, సందులో కూరి, రెండు చేతులతో అదిమిపట్టింది. నేను వంగి బకెట్టుతో నీళ్లు ముంచి, వెనక్కి చూడకుండా పైకి అందించాను. తాత అందుకున్నాడు. బయట గుమ్మరించిన చప్పుడు. ఖాళీ బకెట్టు నా చేతికి వచ్చింది. మళ్లీ ముంచాను. మళ్లీ అందుకున్నాడు. గట్టు మీంచి టార్చి వెలుగు కదలకుండా పడుతోంది.

"తొందరగా తాతా!" అని అరిచాను. ఎప్పుడూ నోరు మూయని మనిషి ఒక్క మాట అనలేదు. అలక అనుకున్నాను. తగిలినప్పుడల్లా ఆ చెయ్యి మంచులా ఉంది. రాత్రిపూట ఉప్పునీళ్లలో ఎవరి చెయ్యి మాత్రం వెచ్చగా ఉంటుంది? ముసలాడైనా పనిమంతుడే అనుకున్నాను. ఎంత వేగంగా ముంచినా, అంతకన్నా వేగంగా ఖాళీ బకెట్టు వచ్చేస్తోంది.

నడుం విరిగిపోతుందనుకునేసరికి నీళ్లు చీలమండలకి దిగాయి. తెల్లగీత పైకి తేలింది.

"నిలబడింది వదినా," అంది మా ఆడపడుచు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

అప్పుడు గట్టు మీద పరుగులు వినిపించాయి. కళాసీ. వాడి వెనకే, రొప్పుతూ, ఒక కాలికే చెప్పుతో టార్చి తాత.

"లేవడే వీడు! మీరు దూకగానే వీడికోసం పరిగెత్తా. తలుపు బాదీ బాదీ చేతులు పడిపోయాయి..."

ఆయన టార్చి వలల మూట మీద వెలుగుతూ ఉంది. ఒక్కటే.

కళాసీ ఒక కాలు పడవ అంచు మీద వేసి ఆగాడు. రెండో కాలు ఇంకా గట్టు మీదే ఉంది.

"అక్కా... దెయ్యం లేనట్టేనా?"

"నా చెప్పు దెబ్బకి..." అని తాత మొదలుపెట్టాడు. కళాసీ ఆయన మాట పట్టించుకోలేదు. నావైపు చూస్తున్నాడు. చదువుకున్నదాన్ని కదా.

నా చేతిలో బకెట్టు ఖాళీగా ఉంది. ఆఖరుసారి నేను పైకి అందించింది నిండు బకెట్టు.

నోరు తెరిచాను. వాడి రెండో కాలు చూశాను. మా ఆడపడుచు మొహం చూశాను.

"దెయ్యమేంటి బాబూ! మోటారు అది. ఉత్త మోటారు. ఎక్కు."

రెండో కాలు కూడా పెట్టాడు.

ఇప్పుడు షాఫ్టుకి కొత్త తాడు చుట్టించాం. ఇంజను తిరిగినంతసేపూ చుక్కలు పడుతూనే ఉంటాయి. పానా నాకు అందకుండా మా ఆడపడుచు దాచేసింది. ఆ రాత్రి గురించి తను ఒక్కమాటా అడగలేదు. ఇంజను మీదికి వంగి ఉంది, తనేమీ చూసుండదులే అని నేనూ ఊరుకున్నాను.

మొన్న ముందువరసలో ఒక గుంజ ఖాళీ అయింది. "ఇటు మారిపోండి తల్లీ, ఆ పాడు గుంజ మీకెందుకు?" అన్నాడు తాత. సరేనని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే మా ఆడపడుచు అడ్డుపడింది.

"వద్దు తాతా. ఇక్కడ చేతిసాయం బాగుంది."